పచ్చికలో పప్పుజాతి మొక్కలు

వేసవిలో మన మెట్టగ్రామముల బీళ్లను చూచినవారికి పశువుల దుస్థితిని వేరుగా వర్ణింప నక్కరలేదు. ప్రొద్దుటినుండి మాపటివరకు మేసి వచ్చిన ఆవు పొట్ట నిండియే యుండును. అయినను దాని ప్రక్కటెముకలను లెక్కింపవచ్చును. కడుపు నిండియు బలము చేకూరకుండుట యేల?

ఎండుగడ్డిలో పీచు విస్తారము, మాంసకృత్తులు స్వల్పము. వరిగడ్డిలో నివి నూటికి 3, 4 పాళ్లకు మించవు. ఆవు మొదటి పొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు చేరి పీచును పులియబెట్టి ఆహారముగా మార్చుచుండును. ఆ జీవులకును నత్రజని కావలయును. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్లకు తగ్గినచో అవి క్షీణించును, పీచు అరుగదు, అరుగని పొట్ట ఖాళీ కాదు, పశువు మరల మేయజాలదు. ఇట్లు నిండుపొట్టతోనే పశువు చిక్కిపోవును. స్టైలో, అలసంద, పిల్లిపెసర, లూసర్ను మొదలగు పప్పుజాతి మేతలలో మాంసకృత్తు లంతకు చాల హెచ్చు. మంచి లూసర్నులో నూటికి 18 పాళ్లు దాటుటయు గలదు. ఇట్టి మేత కొంత కలిసినచో ఆ గడ్డియే మునుపటికంటె బాగుగా అరుగును.

పప్పుజాతికి ఈ సంపద యెక్కడిది? గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. గడ్డి అందులో మునిగియుండియు రవ్వంతయు గ్రహింపలేదు. 1886వ సంవత్సరమున జర్మనీ దేశీయులగు హెల్రీగెల్, విల్‌ఫార్త్ అను పండితులు, పప్పుజాతి మొక్కలు వేరుబుడిపెలలోని సూక్ష్మజీవుల సాయముచే గాలిలోని నత్రజనిని గ్రహించునని వెల్లడించిరి. 1888లో హాలెండు దేశస్థుడగు బైజెరింక్ ఆ జీవులను వేరుపరచి పెంచెను. మొక్క వానికి చక్కెర నిచ్చును. అవి మొక్కకు నత్రజని నిచ్చును. ఈ శాస్త్ర మేమియు నెరుగకయే మన డెల్టా రైతులు వరిచేలలో పిల్లిపెసర చల్లి పశువులను మేపుకొనిరి, జనుమును పచ్చిరొట్టగా దున్నిరి. వారి అనుభవమును తక్కువగా నెంచరాదు.

విద్యార్థులారా, దీనిని పుస్తకములో చదివి విడువక, పూతకు వచ్చుచున్న అలసంద మొక్క నొకదానిని మట్టిగడ్డతో సహా త్రవ్వి, నీటిలో మెల్లగా కడిగి చూడుడు. గుంజి పెరికినచో బుడిపెలు నేలలోనే నిలిచిపోవును. ఒక బుడిపెను గోటితో చీల్చుడు. లోపల గులాబివర్ణ మున్నచో అది పని చేయుచున్నదని యెరుగుడు. ఆకుపచ్చగానో బూడిదవర్ణముగానో యున్నచో దాని పని ముగిసినది. నులిపురుగులు పట్టిన వేళ్లకును కాయలు కట్టును గాని, అవి వేరే ఉబ్బుటవలన నేర్పడినవి. నిజమైన బుడిపె వేరు ప్రక్క నంటియుండి సులువుగా ఊడివచ్చును.

ఇచ్చట నొక పొరపాటు పలువురకు గలదు. పప్పుమొక్క తన ప్రక్కనున్న గడ్డికి వెంటనే నత్రజనిని పంచిపెట్టునని తలతురు. బ్రదికియున్న మొక్క బయటికి విడుచునది కొంచెమే. ఆకులు రాలి, ముదురువేళ్లును బుడిపెలును క్రుళ్లి, మేసిన పశువు పేడయు మూత్రమును నేలలో కలిసిన పిమ్మటనే గడ్డికి దాని భాగము ముట్టును. కావున మొదటి యేట ఫలము కొంచెముగా గనబడినచో నిరాశ చెందరాదు. మేత నంతయు కోసి ఇంటికి మోసికొనిపోయి, పెంటను మరల ఆ నేలకు చేర్పనివారు మాత్రము ఎన్నియేండ్లు వేచినను లాభము లేదు.

వానకు నిలిచిన యెఱ్ఱనేలలకు అంజన్ గడ్డియు స్టైలోయు మంచి జోడు. స్టైలో విత్తనపు తోలు గట్టిది. 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో నాలుగు నిమిషము లుంచి, ఆ నీటిని వంచి, రాత్రియంతయు చన్నీట నానబెట్టి చల్లుదురు. అంజన్ విత్తనము నూగుగా నుండి గాలికెగురును గనుక తడిమట్టితో కలిపి చల్లవలెను. రెండింటిని లోతుగా కప్పరాదు. భాస్వరము తక్కువైన నేలకు సూపర్ ఫాస్ఫేటు వేయుట మేలు. యూరియా హెచ్చుగా వేసినచో గడ్డి విజృంభించి పప్పుమొక్కను నీడలో అణచివేయును. మొదటి యేట స్టైలో విత్తు రాలువరకు పశువులను తోలరాదు. రాలిన విత్తే మరుసటి వానకు మొలచును. తరువాతి యేండ్లలో తొలకరి పిదప పశువులు లేతగడ్డినే కోరి మేయును, స్టైలోను వానలు వెనుకబట్టిన పిదప ఇష్టపడును. ఈ రుచిభేదము పప్పుమొక్కకు గొప్ప రక్ష.

అపాయములును గలవు. ఆకలిగొన్న పశువును మంచుతడి యారని లేత లూసర్నులోనికి విడిచినచో కడుపుబ్బి గడియలలో ప్రాణము పోవచ్చును. ముందుగా ఎండుగడ్డి వేయవలెను. స్టైలోవలన ఈ భయము లేదు. కాని ఆస్ట్రేలియా ఉత్తరభాగమున విరివిగా పెంచిన టౌన్స్‌విల్ స్టైలో 1970 తరువాతి యేండ్లలో ఆంత్రక్నోస్ అను బూజుతెగులుచే విశేషముగా నశించెను. ఒక్క రకమునే నమ్ముకొనుట యెంత ప్రమాదమో దానివలన తెలియవచ్చినది.

ఊరుమ్మడి బీటిలో ఒకడు విత్తిన, మొలక తలయెత్తకమునుపే పదిమంది మేకలు దానిని తుదముట్టించును. ఊరివారందరు కలిసి ఒక యేడు ఆ బీటిని మూయుటకు సమ్మతించువరకు, తమ సొంత గట్లమీదను మామిడిచెట్ల నడుమను స్టైలో చల్లి చూడుడని మా విద్యార్థుల తలిదండ్రులకు మేము చెప్పుచున్నాము. దానికి ఎవరి సమ్మతియు నక్కరలేదు.