పైపూత మందు చర్మములో ఇంకు విధము

ఇంద్రావతి ప్రవహించు బీజాపూరు జిల్లాలో, భోపాలపట్నపు తెలుగువారి ఇండ్లలోను గోండుల ఇండ్లలోను ఇప్పగింజల నూనె చిరకాలముగా వాడుకలో నున్నది. బస్తరున దీనిని టోరా నూనె యందురు. ఒంటికి రాచినచో చర్మము మెత్తబడును, పగుళ్లు తగ్గును. మంచి అలవాటే. అయితే గజ్జి పట్టిన చేతికి ఈ నూనె నొక్కదానినే రాచుచు వారములు గడపినచో గజ్జి ఇంటిల్లిపాదికిని ప్రాకును.

గజ్జిని కలిగించునది మిక్కిలి చిన్న పురుగు. అది చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వి అందులో గ్రుడ్లు పెట్టును. కనుక మందు ఆ పొరలో ఇంకిన చాలును. దానిని దాటి రక్తములో మిక్కుటముగా కలియుట హానికరము. ఎండియున్న పైపొర కోటగోడ వంటిది. వేడినీట నానినను, చెమటతో తడిసినను, గుడ్డతో బిగించి కప్పినను, గోకి పుండు చేసినను ఆ గోడ సడలును. శరీరమంతటను అది ఒకే తీరున నుండదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అను పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ మందును పూసి చూడగా, ముంజేతికంటె తలపై ఇంచుమించు 3½ రెట్లు, నుదుట 6 రెట్లు, వృషణముల చర్మమున 42 రెట్లు అధికముగా ఇంకినది. పిల్లలకు శరీరపు బరువుతో పోల్చగా చర్మవైశాల్యము ఎక్కువ. అందుచే వారికి ప్రమాదము హెచ్చు.

గజ్జికి 5 శాతము పెర్మెత్రిన్ క్రీము వాడుదురు. వేడినీటి స్నానము చేసిన వెంటనే పూయరాదు. ఒడలు చల్లబడి ఆరిన పిమ్మట రాత్రివేళ మెడ మొదలు అరికాళ్ల వరకు, వ్రేళ్ల సందులను, గోళ్ల అంచులను, బొడ్డును విడువక పూసి, 8 మొదలు 14 గంటలు ఉంచి కడుగవలెను. నడుమ చేతులు కడిగికొన్నచో అచ్చట మరల పూయవలెను. వారము గడచిన పిదప ఇంకొకసారి. దురద లేనివారితో సహా ఇంటివారందరును ఒకే రాత్రి పూసికొనవలెను. పిల్లలు ప్రక్కప్రక్కనే పండుకొను ఆశ్రమ పాఠశాలలలో ఈ నియమము తప్పినచో పడిన శ్రమ వృథా. పురుగు చచ్చినను దురద కొన్ని వారములు నిలువవచ్చును. దానికి వెఱచి మందును దినదినము పూయరాదు. పసిబిడ్డలకు, గర్భిణులకు వైద్యుని అడిగియే వాడవలెను.

తలలో పేలు పోవుటకు పొలమునకు చల్లు పురుగుల మందును పిల్లల జుట్టుకు పట్టించి, పైన గుడ్డ చుట్టువారు కలరు. ఇది ప్రాణాంతకము. తల చర్మము మందును త్వరగా గ్రహించును. గుడ్డ చుట్టుట వలన మరింత ఇంకును. పేలకు 1 శాతము పెర్మెత్రిన్ లోషను కలదు. నూనెజిడ్డు పోవునట్లు తల కడిగి తుడిచి, లోషను రాచి, 10 నిమిషములకు కడిగి, పేలదువ్వెనతో దువ్వవలెను.

పొరపాటున పురుగుల మందు తలకు పూసిన బిడ్డకు చెమటలు పోయుట, చొంగ కారుట, కండరములు అదరుట, ఊపిరి ఆడకపోవుట కనిపించవచ్చును. ఈ లక్షణములకై వేచియుండరాదు. వెంటనే తడిసిన బట్టలు తీసివేసి, తలను ఒడలిని సబ్బుతో, ధారాళమైన నీటితో కడిగి, 108కి ఫోను చేసి, బిడ్డను ఆసుపత్రికి చేర్చవలెను. మందు సీసాను కూడ వెంట తీసికొనిపోవలెను. దానిపై నున్న పేరునుబట్టి వైద్యుడు విరుగుడు నిర్ణయించును.