పాఠం 7: మండే జిగురుతో పని – జాగ్రత్తలు, ప్రమాదం జరిగితే చేయవలసినవి

జర్మనీలో కార్పెట్, రబ్బరు షీట్లు, తోలు, ఫోమ్ అతికించే పనిలో ఉన్న కార్మికులందరూ ఈ పాఠం తప్పక చదవవలెను. చదవడం రాని తోటివారికి చదివి వినిపించండి.

1. ఈ జిగురులో ఏముంది?

డబ్బాలోని జిగురును పలుచగా ఉంచేది సాల్వెంట్, అనగా ద్రావకం. అసిటోన్, ఇథైల్ అసిటేట్, టొలీన్ వంటివి ఇందులో ఉంటాయి. మన ఊళ్లో చెప్పులు కుట్టేవారి దగ్గర వచ్చే ఘాటు వాసన ఇలాంటిదే.

మండేది ముఖ్యంగా దాని ఆవిరి. టొలీన్ సుమారు 4 డిగ్రీల వద్దే అంటుకునే ఆవిరిని ఇస్తుంది. అసిటోన్ గడ్డకట్టే చలిలో కూడా ఇస్తుంది. కాబట్టి "ఇక్కడ చలి కదా, ఏం కాదులే" అనుకోరాదు.

ఈ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు. నీళ్లలాగా నేల మీద పాకుతుంది, మెట్లు దిగి సెల్లార్‌లోకి పోతుంది. అక్కడ బాయిలర్ మంట తగిలితే అంటుకుని, ఆ మంట మీ దాకా వెనక్కి వస్తుంది. జిగురు పూసి ఆరే వరకు ఆగే సమయంలోనే ఆవిరి ఎక్కువగా వస్తుంది. పని ఆగింది కదా అని అప్పుడు సిగరెట్ వెలిగించరాదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ద్రావకం లీకై, దాని ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. జిగురు డబ్బా చిన్నదే కావచ్చు, కానీ కిటికీలు మూసిన గదిలో ఆవిరి అదే విధంగా పేలగలదు.

2. డబ్బా మీద చూడవలసినవి

ఎర్ర అంచు గల డైమండ్ ఆకారంలో మంట బొమ్మ ఉంటే మండే పదార్థం. ఆశ్చర్యార్థక గుర్తు కూడా ఉంటే కళ్ల మంట, తల తిరగడం వంటివి రావచ్చు. నేలకు వాడే జిగురు మీద గిస్‌కోడ్ అనే గుర్తు ఉంటుంది. "ఎస్" అక్షరంతో మొదలైతే సాల్వెంట్ చాలా ఎక్కువ. "డి 1" అయితే సాల్వెంట్ లేనిది. వీలైన చోట సాల్వెంట్ తక్కువ ఉన్న జిగురే వాడాలని జర్మన్ నియమం, టీఆర్‌జీఎస్ 610, చెబుతుంది. "డి 1 దొరుకుతుందా?" అని మేస్త్రీని అడగడం తప్పు కాదు.

3. పనికి ముందు

యజమాని మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక సూచనలు ఇవ్వవలెను. దీనిని బెట్రీబ్స్‌అన్‌వైజుంగ్ అంటారు. పని మొదలుపెట్టక ముందు, ఆ తరువాత కనీసం ఏడాదికి ఒకసారి నోటితో కూడా వివరించాలి. అర్థం కాకుండా సంతకం పెట్టకండి.

4. పని చేసేటప్పుడు

• కిటికీలు, తలుపులు తెరిచి ఉంచండి. చలి వేస్తే మందపాటి బట్టలు వేసుకోండి, కిటికీ మాత్రం మూయకండి.
• హీటర్, వెల్డింగ్, గ్రైండర్, బాయిలర్ ఆపించండి. ఆవిరి ఉన్న గదిలో స్విచ్ వేయడం, ఫోన్ వాడడం చేయరాదు.
• ఆ పూటకు కావలసినంత జిగురే తెచ్చుకోండి. మూత వెంటనే పెట్టండి.
• తడిసిన గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.
• చేతులను సాల్వెంట్‌తో కడగరాదు. సబ్బు, నీళ్లు వాడండి.
• మామూలు దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపదు.

తల తిరిగినా, మత్తుగా అనిపించినా వెంటనే బయటికి రండి. తక్షణ ప్రాణాపాయం ఉంటే పని చోటు వదిలి వెళ్లే హక్కు జర్మన్ కార్మిక రక్షణ చట్టం 9వ సెక్షన్ ఇస్తుంది. అందుకు మిమ్మల్ని శిక్షించరాదు.

5. ప్రమాదం జరిగితే

మంట: అందరినీ బయటికి పంపి 112కు ఫోన్ చేయండి. ఫోన్‌కు డబ్బు పడదు. "ఎస్ బ్రెంట్" అంటే మంటలు అంటుకున్నాయి అని అర్థం. వీధి పేరు, ఇంటి నంబరు, ఊరు చెప్పండి. వాళ్లు చాలు అనే వరకు ఫోన్ పెట్టేయకండి. మంట చిన్నదై, బయటికి దారి మీ వెనుకే ఉంటేనే ఫోమ్ లేదా పౌడర్ సిలిండర్ వాడండి. నీళ్లు చల్లితే మండే జిగురు ఇంకా పరుచుకుంటుంది.

బట్టలు అంటుకుంటే: పరుగెత్తనివ్వకండి. పడుకోబెట్టి దొర్లించండి, దుప్పటి కప్పండి.

కంట్లో పడితే: రెప్పలు తెరిచి కనీసం 10 నిమిషాలు నీళ్లతో కడగండి, డాక్టరుకు చూపండి.

మింగితే: వాంతి చేయించకండి. 112కు చెప్పండి.

సెల్లార్‌లో ఎవరైనా పడిపోతే: మీరు దిగకండి. కాపాడబోయినవాడు కూడా పడిపోతాడు. అగ్నిమాపక దళం వచ్చే దాకా బయటే ఉండండి.

6. ఆ తరువాత

జర్మన్ యజమాని దగ్గర పని చేసే వారందరికీ ప్రమాద బీమా ఉంటుంది. దాని సొమ్ము మొత్తం యజమానే కడతాడు. పేరు రిజిస్టర్ చేయకుండా పని చేయించినా మీకు ఈ రక్షణ ఉంటుంది. డాక్టరు దగ్గర "అర్బైట్స్‌ఉన్‌ఫాల్", అంటే పనిలో ప్రమాదం, అని స్పష్టంగా చెప్పండి. దుర్‌హ్‌గాంగ్స్‌ఆర్ట్ అనే ప్రత్యేక డాక్టరుకు చూపించమని అడగండి. "ఇంట్లో జరిగిందని చెప్పు" అని ఎవరన్నా ఒప్పుకోకండి. అలా చెబితే వైద్యం, భత్యం, శాశ్వత లోపానికి వచ్చే పెన్షన్ పోయే ప్రమాదం ఉంది. చిన్న గాయమైనా పని చోట ప్రథమ చికిత్స పుస్తకంలో రాయించండి.

యజమాని బెదిరించినా, పాస్‌పోర్టు పట్టుకున్నా బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని గానీ, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్ కాన్సులేట్లను గానీ సంప్రదించండి. మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి

1. ఈ రోజు నేను వాడే డబ్బా మీద ఏ గుర్తు ఉంది?
2. ఈ గది కింద సెల్లార్ ఉందా? అందులో బాయిలర్ ఉందా?
3. ఇప్పుడు మంట లేస్తే ఏ తలుపు నుండి బయటికి వెళ్తాను? ఈ చోటు చిరునామా చెప్పగలనా?

ఈ మూడింటికీ జవాబు తెలిసిన తరువాతే డబ్బా మూత తీయండి.