పెట్ట గుడ్లెందుకు మానేసింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెరటి కోళ్ల గురించే. దాదాపు అందరిదీ ఒకటే అనుమానం: కోడికి ఏదో రోగం వచ్చింది, మందు రాయండి అని. నిజంగా రోగం వచ్చింది వాటిలో ఒక్కరి కోళ్లకే.

ప్రశ్న: మా ఇంట్లో అయిదు వనరాజా పెట్టలున్నాయి. రెండేళ్లు నిండాయి. దసరా దాకా బాగానే పెట్టాయి. తర్వాత ఒక్కొక్కటే మానేశాయి. మెడ మీద, వీపు మీద ఈకలు ఊడి బోసిగా కనిపిస్తున్నాయి. మందుల షాపులో కాల్షియం టానిక్ ఇచ్చారు, లాభం లేదు. నూకలు, వడ్లు కడుపునిండా వేస్తున్నాం. – ఒక గృహిణి, జనగామ

అమ్మా, మీ కోళ్లు ఈకలు మార్చుకుంటున్నాయి. ఏడాది దాటిన పెట్టలు ఏటా పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటాయి. ఎక్కువగా పగలు తగ్గుతూ వచ్చే రోజుల్లో ఇది మొదలవుతుంది. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తులే. ఒళ్లంతా కొత్త ఈకలు మొలిపించుకుంటూ రోజూ గుడ్డు కూడా పెట్టాలంటే కోడికి సాధ్యం కాదు. అందుకని గుడ్డు ఆపేస్తుంది. రెండు మూడు నెలలు పడుతుంది. టానిక్‌తో ఆ గడువు తగ్గదు.

మీ ఉత్తరంలో నాకు నచ్చని మాట 'కడుపునిండా నూకలు' అన్నది. నూకల్లో మాంసకృత్తులు నూటికి ఎనిమిది పాళ్లకు మించవు. గుడ్లు పెట్టే కోడి మేతలో పదహారు, పదిహేడు పాళ్లయినా ఉండాలి. నూకలే తిన్న కోడి కొవ్వెక్కుతుంది కానీ గుడ్డు పెట్టదు. కొంత లేయర్ దాణా కలపండి. అది కుదరకపోతే వేరుశనగ చెక్క, ఎండు చేపల పొడి, అజొల్లా, చెదలు – ఏది దొరికితే అది. చెక్కకు బూజు పట్టి ఉంటే మాత్రం వేయొద్దు, ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

కాల్షియం విషయానికొస్తే, ఒక్కో పెంకుకి రెండు గ్రాములకు పైగా కావాలి. అది గుడ్లు పెట్టే రోజుల మాట. ఇప్పుడు పోసే టానిక్ వల్ల ఒరిగేదేమీ లేదు. మళ్లీ గుడ్లు మొదలయ్యాక ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెట్టండి. ఎంత కావాలో కోడే చూసుకుంటుంది.

ఏ పెట్ట పెడుతోందో, ఏది మానిందో తెలుసుకోవడానికి పరీక్ష ఒకటుంది. కోడిని చంకలో పెట్టుకుని, తోక కింద గుడ్డు వచ్చే ద్వారానికి అటూ ఇటూ ఉండే రెండు సన్నటి ఎముకలను తడమండి. మధ్యలో రెండు మూడు వేళ్లు పడితే, ద్వారం తడిగా వెడల్పుగా ఉంటే, అది గుడ్లు పెడుతున్న కోడి. ఒక్క వేలే పట్టి, ద్వారం పొడిగా ముడుచుకుని ఉంటే మానేసినట్టు. తురాయి కూడా పాలిపోయి, చిన్నబోయి కనిపిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండేళ్లు దాటిన పెట్ట కోలుకుని పెట్టినా, మొదటి ఏడాది లెక్క రాదు. రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా మంచి జాతే. కానీ పెరట్లో ఏడాదికి వంద, నూట పది గుడ్లు వస్తే బాగా పెట్టినట్టే. ఫారం కోడితో పోల్చి బెంగ పెట్టుకోకండి.

ప్రశ్న: మా నాటుకోడి పధ్నాలుగు గుడ్లు పెట్టి గంపలోంచి లేవడం లేదు. చెయ్యి పెడితే పొడుస్తోంది. నీళ్లలో ముంచితే లేస్తుందని మా అత్తగారు అంటున్నారు. – కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

జబ్బు కాదు, పొదుగుకు కూర్చుంది. పిల్లలు కావాలనుకుంటే కూర్చోనివ్వండి. పుంజు ఉన్న పెరడైతే 21 రోజులకు పిల్లలు దిగుతాయి. మేతా నీళ్లూ గంపకు దగ్గర్లోనే పెట్టండి.

గుడ్లే కావాలంటే, నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక దూర్చడం వంటివి మానండి. ముక్కులో ఈక అనేది వట్టి హింస. గంప తీసేసి, అడుగున గాలాడే జాలీ ఉన్న పంజరంలో, వెలుతురున్న చోట, గడ్డి లేకుండా నాలుగైదు రోజులు ఉంచండి. మేత, నీళ్లు మామూలుగానే ఇవ్వాలి. పొట్ట కింద వెచ్చదనం పోతే పొదుగు ధ్యాస తగ్గుతుంది. మరో రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్లకు వస్తుంది. మీ అత్తగారితో ఇది డాక్టరు మాట అని చెప్పండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. పెరట్లో నాలుగు కోళ్లు. నవంబరు నుంచి ఒక్క గుడ్డూ లేదు. చలికి భయపడి గూట్లో హీటు లైటు పెట్టమంటున్నారు స్నేహితులు. – ఒక పాఠకుడు

చలి కాదండీ, చీకటి. కోడికి పగటి వెలుతురే క్యాలెండరు. కళ్లతోనే కాదు, పుర్రె ఎముకలోంచి దిగే వెలుతురును మెదడు నేరుగా కూడా పసిగడుతుంది. గుడ్లు బాగా పెట్టాలంటే రోజుకు 14 గంటల వెలుతురు కావాలి. డిసెంబరులో మీ ఊళ్లో పగలు తొమ్మిది గంటల చిల్లరే. తెలుగు నేల మీద ఎంత చలికాలమైనా పగలు దాదాపు పదకొండు గంటలుంటుంది. అందుకే మీ అమ్మమ్మగారి కోళ్లకు ఈ ఇబ్బంది ఇంతగా తెలిసి ఉండదు.

హీటు లైటు వద్దు. గడ్డి అంటుకుని గూడు కాలిపోయే ప్రమాదం ఉంది. మామూలు చిన్న బల్బు ఒకటి టైమరు పెట్టి, తెల్లవారకముందే వెలిగేలా చూడండి. సాయంత్రం వెలిగించి ఒక్కసారి ఆర్పేస్తే కోళ్లు చీకట్లో దండెం ఎక్కలేక తడబడతాయి. వారానికి అరగంట చొప్పున పెంచుతూ 14 గంటలకు తీసుకెళ్లండి. లేదంటే ఏమీ చేయక, వాటినలా విశ్రాంతి తీసుకోనివ్వండి. నేనైతే ఈ రెండోదే చేస్తాను. నీళ్లు మాత్రం గడ్డకట్టకుండా చూడండి. కొన్ని గంటలు దాహంతో ఉన్నా గుడ్డు తప్పుతుంది.

ప్రశ్న: పుంజును సంక్రాంతికి అమ్మేశాం. ఇక పెట్టలు గుడ్లు పెట్టవా? – కడప

పెడతాయి. ఆ గుడ్లు పొదిగినా పిల్లలు కావు, అంతే.

ప్రశ్న: కోడి కేరుతూ తిరుగుతుంది, గూట్లో మాత్రం గుడ్డుండదు. – నల్గొండ

అది మానేయలేదు, చోటు మార్చింది. గడ్డివాము, కట్టెల మోపు, పక్కింటి అటక వెతకండి. రెండు మూడు రోజులు పొద్దున పది, పదకొండు దాకా గూడు తెరవకండి. గూట్లో ఒక గుడ్డు వదిలేయండి, దాన్ని చూసి అక్కడే పెడుతుంది. అప్పటికీ దొరక్కపోతే ముంగిస, పాము, కాకుల్ని అనుమానించాలి.

ప్రశ్న: వారం కిందట రెండు కోళ్లు చచ్చిపోయాయి. మిగిలినవి తోలుగుడ్లు పెట్టి, తర్వాత మానేశాయి. ఒకదానికి మెడ తిరిగిపోయింది. ఆకుపచ్చటి రెట్ట. – ఒక రైతు, వనపర్తి

మీరు ఉత్తరం కోసం ఆగాల్సింది కాదు. ఇది కొక్కెర తెగులు లక్షణంలా ఉంది. వెంటనే మండలంలోని పశువైద్యశాలకు చెప్పండి. జబ్బు కోళ్లను వేరుచేయండి. చచ్చినవాటిని లోతుగా గోతిలో సున్నం చల్లి పూడ్చండి. ఈ కోళ్లను సంతకు తీసుకెళ్లి అమ్మొద్దు, ఊరంతా అంటుకుంటుంది. ఇది వైరస్ జబ్బు కాబట్టి వచ్చాక నయం చేసే మందు లేదు. బతికిన కోళ్లు కొన్ని మళ్లీ గుడ్లకు వచ్చినా, పెంకు వంకరగా, పలచగా ఉండొచ్చు. ఇకముందు పిల్లలకు మొదటి వారంలోనే లసోటా టీకా చుక్కలు వేయించండి. ఎనిమిది వారాలకు ఆర్‌2బి టీకా. ఒకటి రెండు కోళ్లేగా అని ఊరుకోవద్దు. ఇరుగుపొరుగు వాళ్లంతా ఒకే రోజు చేయిస్తే టీకా సీసా వృథా కాదు, ఊరి కోళ్లన్నిటికీ రక్షణ ఉంటుంది.