తలరంగు - చర్మరక్షణ

దుమ్ముగూడెంలో ఇటీవల ఒక గృహిణి కనురెప్పలు వాచి, చెవుల వెనుక రసి కారుతూ నా వద్దకు వచ్చారు. "పదేళ్లుగా వేసుకుంటున్న రంగేనండీ వైద్యులుగారూ!" అన్నారు. పొరపాటు అక్కడే ఉన్నది. శాశ్వతపు నల్లరంగులు పెక్కింటిలో పారాఫినిలీన్ డయమీన్ అనే రసాయనం ఉంటుంది. ఏళ్ల తరబడి సరిపడినా, ఒకనాడు అది దేహానికి గిట్టకపోవచ్చు. ఆపైన సాధారణంగా జన్మంతా గిట్టదు.

కనుక ప్రతిసారీ 48 గంటల ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి పరీక్షించాలి. దురద, ఎరుపు కనిపిస్తే వాడరాదు. కనుబొమలకు, రెప్పలకు ఎన్నడూ పూయరాదు. "నల్ల గోరింట" పొడులలోనూ ఈ రసాయనం కలుస్తుంటుంది. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది.

ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా లేపనాలతో కాలయాపన తగదు. ఆమె తల మంచినీటితో కడిగించి, వెంటనే భద్రాచలం ఆసుపత్రికి పంపాను. వైద్యుడు తన హద్దు తెలుసుకోవడం కూడా చికిత్సలో భాగమే.