టికెట్ మీద రెండు టైములు చూడండి

ప్రశ్న: ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన మా విమానాన్ని బయల్దేరే రోజే రద్దు చేశారు. పరిహారం పది వేల దాకా ఉంటుందన్నారు. అదే వారం గన్నవరం నుంచి శంషాబాద్ విమానం రద్దయిన మా బావగారికి మాత్రం ఐదు వేలకు మించదన్నారు. రద్దు రద్దే కదండీ, ఈ తేడా ఎందుకు?

జవాబు: డీజీసీఏ నిబంధనల్లో పరిహారాన్ని కిలోమీటర్లతో లెక్కగట్టరు, ప్రయాణ సమయంతో కడతారు. విమానం ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు చేరేదాకా షెడ్యూలులో ఉన్న సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అది గంటలోపైతే 5,000, గంట దాటి రెండు గంటల దాకా 7,500, ఆ పైన 10,000 రూపాయలు. ఢిల్లీ ప్రయాణం రెండు గంటలు దాటుతుంది కాబట్టి మీది పై మెట్టు.

మీ బావగారిది మాత్రం సరిగ్గా అంచున ఉంది. గన్నవరం, శంషాబాద్‌ల మధ్య ప్రయాణం ఇంచుమించు గంట. పెద్ద జెట్ కాస్త ముందు చేరుతుంది, రెక్కలకు పంకాలున్న చిన్న ఏటీఆర్‌కు ఇంకొంచెం సమయం పడుతుంది. టికెట్ మీద బయల్దేరే టైము 6.10, చేరే టైము 7.20 అని ఉంటే అది గంటా పది నిమిషాలు, అంటే 7,500 మెట్టు. కౌంటర్‌లో చెప్పిన మాటకే తలూపి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆయన్ని టికెట్ తీసి చూడమనండి.

అయితే ఇవి గరిష్ఠ మొత్తాలు. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. టికెట్ డబ్బు వాపసు దీనికి అదనం. 24 గంటల ముందే రద్దు సంగతి చెప్పి, మీకు నచ్చిన వేరే విమానమో వాపసో ఇస్తే పరిహారం రాదు. పొగమంచు, తుపాను, భద్రతా సమస్యల వంటి ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణాలకూ అంతే. అందుకే రద్దు కారణాన్ని మెయిల్‌లోనో మెసేజ్‌లోనో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఇంకో మెలిక ఉంది. బుకింగ్‌లో సరైన ఫోన్ నంబరు ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం ఇవ్వక్కర్లేదని నిబంధనే చెబుతోంది. ట్రావెల్ ఏజెంట్ తన నంబరే వేసేస్తే కబురు అతనికే వెళ్తుంది. మీ నంబరు వేయించి, టికెట్ చేతికి రాగానే సరిచూసుకోండి.

ఆలస్యానికీ కొలత సమయమే. రెండున్నర గంటల లోపు ప్రయాణంలో రెండు గంటలు ఆలస్యమైతే తిండి, ఫలహారం వాళ్లే పెట్టాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో పూర్తి వాపసో కోరవచ్చు.

దూరాన్నే చూసే చట్టం బ్రిటన్‌లో ఉంది. లండన్ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లకు అది వర్తిస్తుంది, ఏ దేశపు ఎయిర్‌లైన్ అయినా సరే. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాన్ని ఎయిర్‌లైన్ తప్పు వల్ల 14 రోజుల్లోపు సమాచారంతో రద్దు చేస్తే 520 పౌండ్ల దాకా అడగవచ్చు.

ముందు ఎయిర్‌లైన్‌కు రాయండి, తర్వాత ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి పరిధిలోనే కేసు వేయవచ్చు, దానికోసం ఢిల్లీ వెళ్లక్కర్లేదు. గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.