వీడియో కాల్‌లో అరెస్టు సాధ్యమేనా?

ప్రశ్న: ‘పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం’ అంటూ పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి బెదిరిస్తే ఏం చేయాలి?

జవాబు: భారతదేశంలోని ఏ చట్టంలోనూ డిజిటల్ అరెస్టు అనే ప్రక్రియ లేదు, మనిషిని ఫోన్ కెమెరా ముందు గంటల తరబడి కూర్చోబెట్టి, ఇంట్లోవారికి సైతం చెప్పవద్దని కట్టడి చేసి, ‘పరిశీలన’ పేరిట సొమ్మును ఏదో ఖాతాకు పంపమనే అధికారం పోలీసులకు గానీ సీబీఐకి గానీ లేదు. ఈ మోసానికి ఆయువుపట్టు ఆ ఒంటరితనమే కనుక, కాల్ కట్ చేసి పక్కనున్నవారికి వెంటనే చెప్పడమే అన్నిటికన్నా బలమైన రక్షణ.

సొమ్ము ఇప్పటికే పోయి ఉంటే, అది మ్యూల్ ఖాతాల గుండా, అంటే కమీషన్‌కు ఆశపడి కొందరు మోసగాళ్లకు అప్పగించిన బ్యాంకు ఖాతాల గుండా, నిమిషాల్లో చేతులు మారుతుంది. అందువల్ల సైబర్ మోసాల ఫిర్యాదులకు ఉన్న 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేసి లావాదేవీ నంబరు, సమయం, పంపిన మొత్తం చెబితే, ఆ సమాచారం సంబంధిత బ్యాంకులకు చేరి, ఇంకా డ్రా కాని సొమ్మును నిలిపివేసే అవకాశం ఉంటుంది. మోసపోయినవారిని తెలివితక్కువవారని నిందించడం అన్యాయం, పైగా ఆ నిందకు జంకి ఫిర్యాదు ఆలస్యం చేస్తే లాభపడేది మోసగాళ్లే. కుటుంబసభ్యులు ముందుగా ఫిర్యాదు చేయించాలి. మిగతా మాటలు తర్వాత.