పంట నష్టమునకు ప్రభుత్వ సహాయము: రైతు ముందుగా చేయవలసిన పని

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కృష్ణా డెల్టాలో అది వరి కోతల కాలము. నిలిచియున్న చేలు పడిపోయినవి. కోసి పనలపై ఉంచిన పంట నీట నానినది. ఇట్టి విపత్తులలో ప్రభుత్వ సహాయము ఎవరికి, ఎంత, ఏ ఆధారముపై లభించునో రైతు సోదరులు ముందుగానే తెలిసికొనుట మేలు.

సహాయము ఎంత?

ఈ సహాయము రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధినుండి వచ్చును. మన రాష్ట్రమున ఈ నిధికి కేంద్రము నూటికి 75 పాళ్లు, రాష్ట్రము 25 పాళ్లు సమకూర్చును. పంటలో నూటికి 33 పాళ్లు, అనగా సుమారు మూడవ వంతు, నష్టమైన రైతు అర్హుడగును. 2015కు పూర్వము సగము పంట పోయిననే సహాయము లభించెడిది.

2022-23 నుండి 2025-26 వరకు కేంద్రము నిర్ణయించిన రేట్లు ఇవి: హెక్టారుకు వర్షాధారపు పైరుకు రూ. 8,500, నీటి వసతిగల పైరుకు రూ. 17,000, బహువార్షిక పంటలకు రూ. 22,500. ఒక్కొక్క రైతుకు 2 హెక్టార్లు, అనగా ఇంచుమించు 5 ఎకరములు, హద్దు. రాష్ట్ర ప్రభుత్వము ఇంతకు మించి ఇచ్చిన సందర్భములును కలవు.

కాలువ క్రింద 3 ఎకరముల వరి పోయిన రైతుకు ఈ లెక్కన సుమారు రూ. 20,600 వచ్చును. 8 ఎకరములు పోయిన రైతుకు రూ. 34,000 మాత్రమే వచ్చును. ఇది పంట వెల కాదు. తిరిగి సాగు చేయుటకిచ్చు పెట్టుబడి రాయితీ. అప్పు కాదు గనుక తిరిగి చెల్లింపవలసిన పని లేదు. పంటల బీమా దీనికి వేరు.

ఆధారము ఏది?

నీరు తీసిన తరువాత వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది చేలు చూచి నష్టము అంచనా వేయుదురు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ సర్వే నంబరున ఏ పైరు ఎవరు వేసిరో తెలియజేయు ఆధారము ఈ-పంట నమోదు. కాలువ క్రింది చేను వర్షాధారమని నమోదైనచో సహాయము సగమగును. విస్తీర్ణము తగ్గినచో ఆ మేరకు నష్టమే.

కౌలుదారుని సంగతి

యజమాని పేరున నమోదు జరిగినచో సొమ్ము యజమానికి చేరును. పెట్టుబడి పెట్టి నష్టపోయిన కౌలుదారునకు అప్పు మిగులును. ఇందుకే 2019 చట్టము ద్వారా 11 నెలల కాలమునకు పంట సాగుదారు హక్కు పత్రము ఏర్పాటైనది. దీనివలన భూమిపై కౌలుదారునకు ఏ హక్కును రాదు. యజమానులు సందేహింపక సంతకము చేయవచ్చును.

చేయవలసినవి

1. విత్తిన వెంటనే గ్రామ వ్యవసాయ సహాయకునికి తెలిపి పైరు నమోదు చేయించుకొనవలెను.
2. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, నీటి వసతి సరిచూచుకొనవలెను.
3. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపడినదో లేదో విచారించవలెను.
4. నష్టము జరిగినపుడు సిబ్బంది చూచువరకు చేను ఆనవాళ్లు ఉంచి, ఫొటో తీయించవలెను.
5. జాబితా ప్రదర్శించినపుడు పేరు లేనిచో గడువులోగా వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

గ్రామాధికారులు జాబితాను నలుగురికి వినిపించి, చదువురాని రైతుల పేర్లు తామే వెదకి చూపవలెను. తుపాను వచ్చువరకు నమోదును వాయిదా వేయరాదు. విత్తనము చల్లిన వారములోనే ఈ పని ముగించుట క్షేమము.